ఇంటినే పెండ్లిపందిరి చేసిన మహనీయుడు

వైశాఖ జ్యేష్ఠమాసములు వచ్చినచో కడప మండలమున పెండ్లిబాజాలు మ్రోగని ఊరుండదు. ప్రొద్దుటూరు వీధులలో ఒక పెండ్లి ఊరేగింపు పోవుచుండగా వేరొకటి ఎదురువచ్చును. జమ్మలమడుగులోని సత్రములు, పులివెందులలోని కల్యాణమంటపములు బంధుజనముతో నిండిపోవును. కొందరు ఇంటిముందు పందిరి వేసి పెండ్లి చేయుదురు. కొందరు దేవాలయ ప్రాంగణమున చేయుదురు. క్రైస్తవులు చర్చిలో ప్రమాణములు చేయుదురు. ముస్లిములు ఖాజీ సమక్షమున నికాహ్ జరుపుకొందురు. మరికొందరు రిజిస్ట్రారు కచ్చేరికి పోయి, సాక్షుల యెదుట సంతకములు చేసి దంపతులగుదురు. ఎవరికి అనుకూలమైన చోటు వారిది. ఎవరి విధి వారిది. ఇందులో వింత యేమున్నదని మీకు తోచవచ్చును.

కాని ఈ స్వేచ్ఛ ఊరక లభించినది కాదు. చట్టము సమ్మతించిన పెండ్లికి సైతము తెలుగుదేశమున నిలువ నీడ దొరకని కాలమొకటి యుండెను. వధువు ఉన్నది, వరుడు ఉన్నాడు, చట్టమున్నది. కాని పందిరి వేయుటకు చోటు ఇచ్చువారు లేరు, మంత్రము చెప్పుటకు పురోహితుడు రాడు. అట్టి దినములలో తన ఇంటి తలుపులు తెరచి, ఆ ఇంటినే పెండ్లిపందిరి చేసిన ధీరుడు కందుకూరి వీరేశలింగము పంతులు.

వీరేశలింగము 1848వ సంవత్సరము ఏప్రిల్ 16వ తేదీన గోదావరీ తీరమందలి రాజమహేంద్రవరమున జన్మించెను. తండ్రి సుబ్బారాయుడు, తల్లి పున్నమ్మ. బాలునకు నాలుగేండ్లు నిండునప్పటికి తండ్రి గతించెను. పెదతండ్రి వెంకటరత్నము ఆ పిల్లవానిని చేరదీసి పెంచెను. శరీరము దుర్బలము, తరచుగా జబ్బు చేయుచుండెడిది. కాని బుద్ధి చురుకైనది. చదువు చెప్పువారు చెప్పినదానిని వినుటయే గాక, అది యేల అట్లు కావలెనని ప్రశ్నించు స్వభావము ఆ బాలునకు చిన్ననాటనే అలవడెను.

ఆ కాలపు ఆచారము ననుసరించి, 1861లో, పదమూడేండ్ల వయస్సున ఆయనకు వివాహమయ్యెను. వధువు బాపమ్మ అను చిన్నపిల్ల. అత్తవారింట ఆమెకు రాజ్యలక్ష్మి యను పేరు కలిగినది. ఈ పేరును మీరు గుర్తుంచుకొనవలెను. వీరేశలింగము చేసిన మహాకార్యములలో సగము భారము మోసినది ఆ యిల్లాలే.

చదువు ముగించిన పిమ్మట వీరేశలింగము ఉపాధ్యాయవృత్తిని చేపట్టెను. ఇతర ఉద్యోగములలో చేరినచో పై సంపాదన యుండెడిది. కాని ఆయన మనస్సు దానిని అంగీకరింపలేదు. మొదట కోరంగిలోను, పిదప ధవళేశ్వరములోను పాఠశాలలలో పనిచేసెను. ధవళేశ్వరమున నుండగా 1874లో వివేకవర్ధని యను పత్రికను స్థాపించెను. ఆ సంవత్సరమే బాలికలకొరకు పాఠశాలను తెరచెను. ఆడుపిల్లలకు చదువు చెప్పుట కీడని జనులు తలచు రోజులవి. పత్రికలో ఆయన లంచగొండితనమును, మూఢాచారములను, బాల్యవివాహములను, కన్యాశుల్కమును కఠినముగా విమర్శించెను. ముసలివానికి పసిపిల్లను కట్టబెట్టు దురాచారమును పరిహసించుచు ప్రహసనములు వ్రాసెను. అందరికి అర్థమగు తెలుగు వచనమును తీర్చిదిద్దెను. తరువాత రాజమహేంద్రవరమునకు వచ్చి అచ్చటి ప్రభుత్వ పాఠశాలలో తెలుగు పండితుడుగా కుదురుకొనెను.

ఆనాటి బాలవితంతువుల స్థితి యెట్టిదో మీరు తెలిసికొనవలెను. కొన్ని కులములలో భర్త పోయిన స్త్రీకి మారుమనువు ఆచారముగా నుండెను. కాని బ్రాహ్మణాది కులములలో అట్టి వీలు లేదు. అయిదేండ్లకో ఆరేండ్లకో పెండ్లి. పెండ్లికొడుకు వయస్సులో పెద్దవాడు. కొలది యేండ్లకే అతడు మరణించినచో ఆ పసిపిల్ల జన్మాంతము వితంతువే. పెండ్లి యనగా నేమో తెలియని ప్రాయమున తన పెండ్లి ముగిసిపోయినదని ఆమెకు తెలిసెడిది. యుక్తవయస్సు రాగానే తల గొరిగించెడివారు. మంచిబట్ట కట్టరాదు; శుభకార్యమునకు ఎదురు రారాదు; ఒంటిపూట తిండి; ఇంటెడు చాకిరి. ఆమె చేసిన తప్పు ఏమియు లేదు. అయినను లోకము ఆమెను పాపిగా చూచుచుండెను.

ఈ అన్యాయమును మొదట చట్టముచే ఎదిరించినవాడు వంగదేశీయుడైన ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు. ఆయన శాస్త్రములను శోధించి, వితంతువు మరల వివాహమాడుటకు శాస్త్రసమ్మతి కలదని చూపెను. ప్రభుత్వమునకు విజ్ఞాపనలు పంపెను. ఫలితముగా 1856లో వితంతు పునర్వివాహ చట్టము వచ్చినది. కన్యకు వివాహము చేయునపుడు ఏ మంత్రములు, ఏ క్రియలు జరుపుదురో, అవియే వితంతువునకు జరిపినను ఆ వివాహము చెల్లునని ఆ చట్టము స్పష్టపరచినది. ఆ సంవత్సరము డిసెంబరు 7వ తేదీన కలకత్తాలో మొదటి వివాహము జరిగెను. అదియు దేవాలయమున గాక, విద్యాసాగరుని మిత్రుడొకని గృహమున జరిగెను.

ఆ చట్టము మన చెన్నపురి రాజధానికిని వర్తించునట్టిదే. కడప మండలము, గోదావరి మండలము రెండును అప్పుడు ఆ రాజధానిలోని భాగములు. కాని చట్టము వచ్చి ఇరువదియైదేండ్లు గడచినను తెలుగునాట అగ్రకులములలో ఆ వివాహము చేయుటకు ఎవరును సాహసింపలేదు. దీనికి కారణమేమి? చట్టము పెండ్లిని అడ్డగింపలేదు, ఆచారము అడ్డగించినది. ఎట్లో చూడుడు.

మన దేశమున వాడుక ప్రకారము పెండ్లి వధువు ఇంట జరుగవలెను. తల్లిదండ్రులు పందిరి వేయవలెను. వితంతువైన కూతురునకు పెండ్లి తలపెట్టిన తండ్రిని కులమువారు వెలివేయుదురు. వెలియనగా సామాన్యమైన శిక్ష కాదు. అతని ఇంట ఎవరును భుజింపరు. అతనిని ఎవరును విందునకు పిలువరు. మిగిలిన పిల్లలకు సంబంధములు రావు. చావు వచ్చినచో మోయువారుండరు. కావున పుట్టింటి పందిరి ఆమెకు మూతపడినది. సత్రములు, దేవాలయములు పెద్దల యధీనమున నుండెడివి. అచ్చటను చోటు లేదు. ఇక పురోహితుని సంగతి. ఆయన జీవనము ఊరివారి ఇండ్లలో జరుగు శుభాశుభ కార్యములపై ఆధారపడి యుండెడిది. ఒక్క పెండ్లికి మంత్రము చెప్పి, జీవితమంతయు సంపాదన పోగొట్టుకొనుటకు ఎవరు సిద్ధపడుదురు? అగ్నిసాక్షిగా క్రియలు జరుగనిదే పెండ్లి చెల్లదు. పురోహితుడు లేనిదే క్రియలు జరుగవు. ఈ విధముగా చట్టము కాగితమున ఉన్నను, చోటు లేక, చేయించువారు లేక నిష్ఫలమై పడియుండెను.

వీరేశలింగము ఈ ముడిని విప్పుటకు పూనుకొనెను. 1878లో రాజమహేంద్రవరమున సంఘ సంస్కరణ సమాజము ఏర్పడెను. 1879 ఆగష్టు నెలలో ఆయన వితంతు వివాహమును సమర్థించుచు ఉపన్యసించెను. శాస్త్రము ఒప్పుకొనదని వాదించువారికి శాస్త్రము నుండియే సమాధానము చెప్పెను. పండితులు సభలు చేసి ఖండించిరి. ఆయన మరల ఉపన్యసించి వారి వాదములను ఒక్కొక్కటిగా ఎదుర్కొనెను. ఊరు రెండు పక్షములాయెను. వీధిలో పోవునపుడు దూషించువారు, ఆకాశరామన్న ఉత్తరములు వ్రాయువారు బయలుదేరిరి.

మాటలతో కార్యము కాదని ఆయనకు తెలియును. కార్యమునకు ముగ్గురు కావలెను: ధైర్యముగల వరుడు, వధువు, ధనసహాయము చేయు దాత. కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్య దాతగా నిలచెను. ఆయన పదివేల రూపాయలు ఇచ్చుటకు పూనుకొనెను. వెలివేతకు గురియగు దంపతులకు కాపురము నిలుపుకొనుటకు ఆధారము కావలెను గదా! ఆ రోజులలో పదివేల రూపాయలనగా పెద్ద సంపద. బసవరాజు గవర్రాజు మొదలగు మిత్రులు అండగా నిలచిరి. పాఠశాల విద్యార్థులు తమ గురువు వెంట నడచిరి.

ఎట్టకేలకు గోగులపాటి శ్రీరాములు అను యువకుడు వితంతువును వివాహమాడుటకు ముందుకు వచ్చెను. వధువు పండ్రెండేండ్ల బాల. పసితనముననే వైధవ్యము పొందినది. ఇప్పుడు పెండ్లి యెచ్చట జరుగవలెనన్న ప్రశ్న వచ్చెను. వీరేశలింగము వెనుకాడలేదు. తన ఇంటనే జరుగునని తెలిపెను. ఇతరుల ఆస్తిని, గౌరవమును పణముగా పెట్టి సంస్కరణ చేయుట సులభము. ఆయన తన ఇంటిని, తన కులమును, తన భార్య సుఖమును పణముగా పెట్టెను.

1881వ సంవత్సరము డిసెంబరు 11వ తేదీన ఆ వివాహము జరిగెను. ఊరంతయు అల్లకల్లోలముగా నుండెను. అల్లరిమూకలు పెండ్లిని చెరచునేమో యని భయము. పోలీసులు కాపలా కాచిరి. విద్యార్థులు గుంపులు గుంపులుగా ఇంటిచుట్టు నిలచిరి. లోపల అగ్ని ప్రజ్వరిల్లెను, మంత్రములు వినవచ్చెను, శాస్త్రోక్తముగా క్రియలు జరిగెను. ఒకనాడు తాళి తీసివేయబడిన ఆ బాల మెడలో మరల తాళి కట్టబడెను. నుదుట కుంకుమ నిలచెను. తెలుగునాట అగ్రకులములలో బహిరంగముగా జరిగిన మొదటి వితంతు వివాహము అదియే. నాలుగు దినములు గడచునప్పటికి అదే పట్టణమున రెండవ వివాహమును జరిగెను. ఒక్కటి జరిగినచో అద్భుతమనవచ్చును. రెండవది జరిగినపుడు అది మార్గమగును.

దాని వెంటనే వెలివేత వచ్చెను. పెండ్లికి వచ్చినవారిపైనను, భోజనము చేసినవారిపైనను కులపెద్దలు కన్నెఱ్ఱ చేసిరి. పీఠాధిపతుల పేర బహిష్కారములు బయలుదేరెను. అంతవరకు మిత్రులుగా నుండిన కొందరు భయపడి ప్రాయశ్చిత్తము చేసికొనిరి. వీరేశలింగము ఇంటిలోని వంటవారు, నీళ్ళు మోయువారు పని మానివేసిరి. ఊరి బావుల వద్దకు పోవుటకును వీలులేకపోయెను. అప్పుడు రాజ్యలక్ష్మమ్మ బిందె తీసికొని గోదావరికి నడచిపోయి నీళ్ళు తెచ్చెను. వంట తానే చేసెను. ఇంటిలో చేరిన వితంతువులకు, క్రొత్త దంపతులకు, అతిథులకు అన్నము వడ్డించెను. వేదికపై నిలచి మాటలాడిన కీర్తి పంతులుది. తడిబట్టతో గోదావరి గట్టునెక్కిన శ్రమ ఆమెది. ఆమె ఒక్కనాడు బరువు దించివేసిన యెడల ఆ ఇల్లు పెండ్లిపందిరిగా నిలచియుండెడిది కాదు.

అటుపిమ్మట ఆ యిల్లు పుట్టినిల్లు లేని బాలవితంతువులకు పుట్టినిల్లాయెను. తల్లిదండ్రులు రహస్యముగా పంపినవారు కొందరు. బాధలు పడలేక వచ్చినవారు కొందరు. వారిని తెచ్చుట, దాచుట, చదివించుట, వరులను వెదకుట, పెండ్లి చేయుట, ఆ పిమ్మట కాపురములు నిలుపుట: ఇన్నియు ఆ దంపతుల పనులే. వచ్చిన వరులందరును ఉత్తములు కారు. ఆదర్శము కొరకు గాక ధనముపై ఆశతో వచ్చినవారును ఉండిరి. వారివలన పంతులు చాల మనోవ్యధ పొందెను. అయినను కొందరి దోషమునకు కార్యమును విడువలేదు. ఆయన పూనికచే జరిగిన వితంతు వివాహములు దాదాపు నలువదియని చెప్పుదురు. సంఖ్య చిన్నదే. కాని ఒక్కొక్క వివాహము ఒక్కొక్క నిండు జీవితము.

చోటు లేనిదే క్రొత్త భావము నిలువదని అనుభవమున గ్రహించిన పంతులు, ఇంటితో తృప్తిపడలేదు. అందరు కూడుటకు అనువైన కట్టడములు నిర్మింపసాగెను. కులభేదము లేక ఏకేశ్వరుని ప్రార్థించుటకు రాజమహేంద్రవరమున ప్రార్థనమందిరము వెలసినది. 1890లో పురమందిరము నిర్మితమైనది. ఎవరి సమ్మతిని అడుగనక్కరలేక పౌరులు సభలు జరుపుకొనుటకు అది నెలవాయెను.

ఇచ్చట మరియొక విషయము తెలిసికొనవలెను. పెండ్లి ఎచ్చట జరుగవలెను, ఎవరు జరిపింపవలెను అను చిక్కు మన సంఘమునకు మాత్రమే కలిగినది కాదు. ఇంగ్లండు దేశమున 1753లో వచ్చిన చట్టము ప్రకారము యూదులు, క్వేకర్లు తప్ప తక్కినవారందరును అధికార మతమైన ఆంగ్లికన్ చర్చిలోనే వివాహమాడవలసి యుండెను. ఆ చర్చితో ఏకీభవింపక స్వతంత్ర సంఘములుగా ఏర్పడిన క్రైస్తవులు, తమ గురువును, తమ ప్రార్థనాలయమును విడిచి, తాము ఒప్పుకొనని గురువు యెదుట పెండ్లి చేసికొనవలసి వచ్చెను. ఎనుబదేండ్లకు పైగా పోరాడిన పిదప 1836లో చట్టము మారెను. అప్పటి నుండి నమోదు చేయించుకొనిన తమ ప్రార్థనాలయములలోగాని, రిజిస్ట్రారు కచ్చేరిలోగాని పెండ్లి చేసికొనుటకు వారికి వీలు కలిగెను.

అట్టి స్వతంత్ర సంఘముల అండతో ఏర్పడినదే లండన్ మిషనరీ సంఘము. దానివారే 1822లో కడపకు వచ్చిరి; పిదప జమ్మలమడుగునను పనిచేసిరి. మన దేశమున క్రైస్తవ వివాహములకు 1872లో వేరుగా చట్టము ఏర్పడినది. ఉదయము ఆరు గంటలకు సాయంకాలము ఏడు గంటలకు నడుమ పెండ్లి జరుగవలెనని అది నియమించెను. ఇంగ్లండు చర్చికి చెందిన గురువు, అయిదు మైళ్ళలోపల తమ చర్చి యున్నచో, ప్రత్యేకానుమతి లేక వేరొకచోట పెండ్లి చేయరాదనియు అందు కలదు.

ఆ 1872వ సంవత్సరమే వేరొక చట్టమును వచ్చినది. బ్రహ్మసమాజ నాయకుడైన కేశవచంద్రసేనుని కృషి దీనికి మూలము. రిజిస్ట్రారు ఎదుట, ముగ్గురు సాక్షుల సమక్షమున, కులమత విధులతో పనిలేక వివాహమాడవచ్చునని ఆ చట్టము తెలిపినది. కచ్చేరిలోనేగాక, దగ్గరలో వారు కోరిన చోటను జరుపుకొనవచ్చును. కాని అందు ఒక ముల్లు కలదు. ఆ విధముగా పెండ్లాడువారు తాము హిందువులము కాము, క్రైస్తవులము కాము, ముస్లిములము కామని వ్రాతమూలముగా ప్రకటింపవలెను. తన ధర్మములోనే యుండి దురాచారమును పోగొట్టదలచువారికి ఇది కష్టము. వీరేశలింగము తొలుత 1856వ సంవత్సరపు చట్టమునే ఆశ్రయించి, శాస్త్రోక్త వివాహములనే జరిపించుటకు ఇదియొక కారణమని మనము ఊహింపవచ్చును. సంఘమును విడిచిపోవుట ఆయన యుద్దేశము కాదు; సంఘమే మారవలెనని ఆయన కోరిక.

కాలక్రమమున ఆయన మనస్సు బ్రహ్మసమాజమువైపు పూర్తిగా మరలినది. విగ్రహారాధనము, కులభేదము లేని ఆ మార్గమున ఆచార్యుడగుటకు పుట్టుక ప్రమాణము కాదు. శీలము, జ్ఞానము ప్రమాణములు. 1906లో ఆయన జన్మకులచిహ్నములను త్యజించి బ్రహ్మసమాజమును అవలంబించెను. పురోహితుడు రాలేదని ఒకనాడు ఆగిపోయిన దేశమునకు, పురోహితత్వము ఏ ఒక్క కులము సొత్తు కాదని ఆయన జీవితము చాటినది.

ఈలోగా ఆయన కీర్తి దేశమంతట వ్యాపించెను. 1893లో ప్రభుత్వము రావు బహద్దరు బిరుదమునిచ్చెను. మహదేవ గోవింద రానడే ఆయనను దక్షిణదేశపు విద్యాసాగరుడని కొనియాడెను. 1897 ప్రాంతమున మద్రాసునకు పోయి అచ్చటను వితంతు శరణాలయమును నడపెను. ప్రెసిడెన్సీ కళాశాలలో తెలుగు బోధించెను. తెలుగు నవలలకు త్రోవ చూపిన రాజశేఖర చరిత్రము, పూర్వకవుల జీవితములను సేకరించిన ఆంధ్రకవుల చరిత్రము, తన జీవితమును తానే వ్రాసికొనిన స్వీయచరిత్రము ఆయన గ్రంథములలో ముఖ్యమైనవి. మద్రాసు నుండి తిరిగివచ్చిన పిమ్మట తన యావదాస్తిని హితకారిణీ సమాజమునకు ధారపోసెను. విద్యాలయములు, వితంతు శరణాలయము తన పిదపను నడువవలెనని ఆయన కోరిక.

1910 ఆగష్టు 11వ తేదీన రాజ్యలక్ష్మమ్మ మరణించెను. దాదాపు యాబదేండ్లు తోడునీడగా నుండిన ఆమె పోవుటతో పంతులు ఒంటరివాడాయెను. వారికి పిల్లలు లేరు. కాని ఆ ఇంట పెండ్లిళ్ళయిన ఆడుబిడ్డలందరును వారి బిడ్డలే. ఆయన మనస్సు క్రుంగినను చేయి ఆగలేదు. తొమ్మిదేండ్లు వ్రాయుచు, శోధించుచు గడపెను. 1919 మే 27వ తేదీన మద్రాసులో, మిత్రుడు కొమఱ్ఱాజు లక్ష్మణరావు గృహమున తుదిశ్వాస విడచెను.

ఆయన వేసిన త్రోవ అక్కడితో ఆగిపోలేదు. తరువాతి తరమున తెనాలిలో త్రిపురనేని రామస్వామిచౌదరి వేరొక అడుగు వేసెను. పెండ్లిలో చెప్పు మాటలు వధూవరులకు తెలియవలెనని ఆయన వివాహవిధిని తెలుగున రచించి, తానే పౌరోహిత్యము వహించి పెండ్లిళ్ళు జరిపించెను. తమిళదేశమున పెరియార్ రామస్వామి పురోహితుడు లేని ఆత్మగౌరవ వివాహములను ప్రోత్సహించెను. అవి చెల్లవని 1953లో మద్రాసు హైకోర్టు తీర్పు చెప్పగా, 1967లో మద్రాసు శాసనసభ వానిని ధ్రువపరచుచు చట్టమును సవరించెను. ఇది కూడ ఆ పాత ప్రశ్నయే: పెండ్లిని పెండ్లిగా చేయునది ఏది?

స్వతంత్ర భారతమున ఆ ప్రశ్నకు సమాధానము విశాలమైనది. 1954వ సంవత్సరపు ప్రత్యేక వివాహ చట్టము ఎవరి మతమును వారు విడువనక్కరలేకుండ రిజిస్టరు వివాహమునకు త్రోవ చేసినది. ముప్పదిదినములు ముందుగా నోటీసు ఇచ్చి, ముగ్గురు సాక్షుల యెదుట, కచ్చేరిలోగాని దగ్గరలో తాము కోరిన చోటగాని పెండ్లి చేసికొనవచ్చును. 1955వ సంవత్సరపు హిందూ వివాహ చట్టము వధూవరులలో ఎవరి పక్షపు ఆచారము ప్రకారమైనను పెండ్లి జరుపవచ్చునని చెప్పినది. ఏ చోట జరుగవలెనన్న నిర్బంధము అందు లేదు. వివాహములను తప్పక నమోదు చేయవలెనని ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమున 2002లో చట్టము వచ్చినది. ఆ నమోదు ముఖ్యముగా స్త్రీకి రక్షణ. ఆ పెండ్లి జరుగలేదని రేపు ఎవరును బొంకలేరు.

బాలబాలికలారా! ఇకమీదట మీ ఊరిలో పెండ్లిపందిరిని చూచినపుడు ఒక్కసారి ఆ 1881వ సంవత్సరపు పందిరిని తలచుకొనుడు. చట్టము చేయుట గొప్ప పనియే. కాని చట్టము గోడలు కట్టదు, పందిరి వేయదు, నీళ్ళు మోయదు. ఎవరో ఒకరు తమ ఇంటి తలుపు తెరచిననాడే అది మనుష్యుల జీవితములలోనికి ప్రవేశించును. వీరేశలింగము తలుపు తెరచెను. రాజ్యలక్ష్మమ్మ ఆ తలుపు మూతపడకుండ కాపాడెను. అందువలన పసుపు కుంకుమలకు దూరమైన బాలలకు ఒక ఇల్లు దొరకినది. న్యాయమని తోచిన కార్యమునకు మన వాకిట చోటిచ్చుట మనవంటి సామాన్యులకును సాధ్యమే. ఆ మహనీయుల జీవితము మనకు నేర్పు పాఠమిదియే.